ఏరు పొంగితే పడవ ఎందుకు ఆగుతుంది?

నది నిండుగా పారుతుంటే పడవ ప్రయాణానికి అంతకన్నా మంచి కాలం ఉండదని ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు అనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏటి ఒడ్డు ఊళ్లలో పెరిగినవాళ్లు అలా అనుకోరు. నీరు తగ్గితే పడవ ఇసుకలో కూరుకుపోతుంది. నీరు పెరిగితే రేవులో కట్టేస్తారు. ఈ రెండింటి నడుమ దొరికే రోజులే పడవవి. ఆ రోజులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో తెలుసుకోవాలంటే నాగావళి, వంశధారల స్వభావం కొంత తెలియాలి.

ఒకే కొండల బిడ్డలు

నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి జిల్లా థువామూల్ రాంపూర్ ప్రాంతపు కొండల్లో పుట్టాయి. పొడవులోనూ దాదాపు సమానం. నాగావళి 256 కిలోమీటర్లు, వంశధార 254 కిలోమీటర్లు. నాగావళి శ్రీకాకుళం పట్టణం దాటి కళ్లేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి.

వీటిని గోదావరితో పోలిస్తే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. గోదావరి 1,067 మీటర్ల ఎత్తున పుట్టి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. నాగావళి సుమారు 1,300 మీటర్ల ఎత్తున పుట్టి 256 కిలోమీటర్లలోనే ఆ ఎత్తంతా దిగేస్తుంది. సగటు లెక్కన కిలోమీటరుకు గోదావరి 73 సెంటీమీటర్లు దిగితే నాగావళి 5 మీటర్లు దిగుతుంది. ఆ దిగుడులో ఎక్కువ భాగం కొండల్లోనే అయిపోతుంది కాబట్టి మైదానంలో నది నెమ్మదిగానే కనిపిస్తుంది. కానీ కొండ మీద కురిసిన వాన కిందికి రావడానికి రోజులు పట్టదు. భద్రాచలం దగ్గర కొలిచిన గోదావరి వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ వ్యవధిలో పడవలు కట్టేయవచ్చు, లంకల్లో జనాన్ని తరలించవచ్చు. మన నదులు అంత గడువు ఇవ్వవు. రాయగడ కొండల్లో రాత్రి కుండపోత పడితే, ఇక్కడ చినుకైనా రాలకపోయినా తెల్లారేసరికి ఏరు రంగు మారుతుంది. ఎర్రమన్ను కలిసిన నీరు, దాని మీద ఎండుటాకులు, కొమ్మలు, నురగ కనిపించాయంటే పైన వాన పడిందని అర్థం. ఒడ్డున ఉన్నవాళ్లకు ఏ ప్రకటనకన్నా ముందు అందే కబురు అది.

ఆ అంకె నీటి లోతు కాదు

వరదల రోజుల్లో వార్తల్లో ‘కాశీనగర్ వద్ద వంశధార ప్రమాదస్థాయి 54.60 మీటర్లు’ అని వింటాం. అంత లోతు నీరా అని భయపడనక్కర్లేదు. అది సముద్రమట్టం నుంచి నీటి ఉపరితలం ఎంత ఎత్తున ఉందో చెప్పే కొలత. కాశీనగర్ ఒడిశా గజపతి జిల్లాలో, మన సరిహద్దుకు దగ్గరలో ఉంది. ఇంకా ఎగువన గుణుపురం దగ్గర అదే నదికి ప్రమాదస్థాయి 84 మీటర్లు. హిరమండలం ప్రాంతంలోని గొట్టా బ్యారేజీ దగ్గరికి వచ్చేసరికి లెక్క క్యూసెక్కుల్లోకి మారుతుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే సుమారు 28.3 లీటర్లు. లక్ష క్యూసెక్కులు అన్నప్పుడు ప్రతి సెకనూ 28 లక్షల లీటర్లకు పైగా నీరు మన ముందునుంచి పోతోందన్నమాట.

ఈ అంకెల్లో పడవవాడికి కావలసిన అంకె మాత్రం లేదు. ఆ అంకె ప్రవాహ వేగం. నీటి వేగం రెట్టింపైతే అడ్డుగా ఉన్నదాని మీద దాని తోపు నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లు. మెల్లగా పారే మోకాటి లోతు నీటిలో నిలబడగలిగిన మనిషిని అంతకన్నా తక్కువ లోతులోనే వేగంగా పారే గెడ్డ పడగొట్టేది ఇందుకే.

గీతలు ఊళ్ల కోసం గీసినవి

వరద హెచ్చరికల గీతలు ఊళ్ల కోసం గీసినవే గాని పడవల కోసం కాదు. ఈ విశేషాలన్నింటిలోకీ ఇదే ముఖ్యమైనదని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడు హెచ్చరికలున్నాయి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరి 10 లక్షల క్యూసెక్కులు దిగువకు పోతుంటే మొదటిది. 13.75 అడుగులు, 13 లక్షల క్యూసెక్కులకు రెండోది. 17.75 అడుగులు, 17 లక్షల క్యూసెక్కులకు మూడోది. భద్రాచలంలో ఇవే 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71 అడుగుల పైకి చేరింది. ఆ రోజుల్లో ఏ ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో, ఏ గట్టు మీద కాపలా పెట్టాలో ఈ గీతలే చెప్పాయి. అవి గీసింది అందుకే.

ఇప్పుడు 2019 సెప్టెంబరు 15 గుర్తు చేసుకోండి. గండి పోచమ్మ గుడి దగ్గర బయలుదేరి పాపికొండలు చూడబోతున్న రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది బయటపడ్డారు. 51 మంది చనిపోయారు, వారిలో కొందరి ఆచూకీ కూడా దొరకలేదు. ఆ రోజు గోదావరిలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కుల చుట్టూ ఉంది. అంటే ధవళేశ్వరం మొదటి హెచ్చరికలో సుమారు సగం! ఊళ్ల లెక్కలో నది ఇంకా ప్రమాదానికి దూరంగానే ఉంది. పడవ లెక్కలో ప్రమాదం ఎప్పుడో దాటిపోయింది.

కారణం కొండలు. రాజమహేంద్రవరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్ల సందులో ఇరుక్కుని పోవాలి. అదే నీరు తక్కువ చోటులోంచి పోవాలంటే లోతుగా, వేగంగా పోక తప్పదు. అడుగున బండలు, మలుపులో కొండ చరియ, వాటికి తగిలి వెనక్కి తిరిగే నీరు, అందులోంచి పుట్టే సుడులు. రెండు వందల అడుగులకు మించిన లోతులో పడి ఉన్న ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయింది.

ఆ విషాదం తర్వాత రాష్ట్రంలో బోటు ప్రయాణాలకు కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి. అవి ఎక్కువగా గోదావరి, కృష్ణా రేవుల్లో వచ్చాయి. పర్యాటకుల లాంచీలు తిరిగేది అక్కడే కాబట్టి అది సహజమే. మరి పర్యాటకులు లేని రేవుల మాటేమిటి?

లాబేసు రేవు

నాగావళి కొమరాడ మండలాన్ని రెండుగా చీలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా ఈ మండలం విజయనగరం జిల్లాలో ఉండేది. నదికి ఆవలి గట్టున జాతాపులు, సవరలు ఉండే గిరిజన గ్రామాలు చాలా ఉన్నాయి. ఆసుపత్రి, కళాశాల, బ్యాంకు, సంత ఏది కావాలన్నా ఈవలి గట్టుకు రావాలి. లేదంటే చుట్టూ తిరిగి చాలా దూరం పోవాలి. పూర్ణపాడు, లాబేసుల మధ్య వంతెన కడతామని పని మొదలుపెట్టారు గాని అది ఏళ్ల తరబడి సగంలోనే నిలిచిపోయింది. ఆ స్తంభాల పక్కనుంచే నాటు పడవలు జనాన్ని దాటించాయి.

మనం పాపికొండల యాత్ర వాయిదా పడిందంటే టిక్కెట్టు డబ్బులు వెనక్కి వస్తాయా అని చూసుకుంటాం. ఇక్కడ పడవ ఆగిందంటే నెలలు నిండిన మనిషి అవతలే ఉండిపోతుంది, పరీక్ష రాయాల్సిన పిల్లవాడు ఒడ్డునే నిలబడిపోతాడు. పడవ కట్టేయాలా, ఇంకొక్క దఫా వేయాలా అని నిర్ణయించాల్సిన పడవవాడి మీద అంత భారం ఉంటుంది. ఒడ్డు మీద అవసరంలో ఉన్న మనుషులు బతిమాలుతుంటే కాదనడం చాలా కష్టం. ఆ భారం అతని ఒక్కడి మీదే వేయడం తప్పు. వంతెన ఎప్పుడు పూర్తయినా, అంతదాకా స్తంభాల మీద రెండు గీతలు గీయవచ్చు. ఈ గీత మునిగితే సగం మందినే ఎక్కించాలి, ఆ గీత మునిగితే పడవ దిగకూడదు అని ఊరంతటికీ తెలిసేలా. ఆవలివాళ్లకు ముందే బియ్యం, మందులు చేర్చిపెట్టి, నెలలు నిండుతున్నవాళ్లను వానలకు ముందే ఈవలికి తెచ్చి ఉంచితే, గీత మునిగిన రోజున ఎవరూ పడవవాణ్ని బతిమాలాల్సిన పని ఉండదు.

గెడకు అందని నీరు

చిన్న నాటు పడవను గెడతో నడుపుతారు. గెడ అడుగున ఆనితేనే పడవ మీద అదుపు. నీరు గెడ పొడవు దాటిందా, చేతిలో మిగిలేది తెడ్డు ఒక్కటే. దాంతో వరద ప్రవాహాన్ని ఎదుర్కోవడం అయ్యే పని కాదు.

చిన్న లెక్క వేసి చూడండి. ఏరు 200 మీటర్ల వెడల్పు. పడవ సెకనుకు ఒక మీటరు చొప్పున అవతలి గట్టుకేసి సాగుతోంది. నీరు కూడా సెకనుకు మీటరే పారుతుంటే, దాటేసరికి పడవ 200 మీటర్లు దిగువకు జారుతుంది. నీరు సెకనుకు 3 మీటర్లు పారితే 600 మీటర్లు జారుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు గట్టు వెంబడి పడవను ఎగువకు లాక్కెళ్లి, అక్కడినుంచి వాలుగా వదులుతారు. అయినా ఆ జారే దారిలో స్తంభమో, బండో, కొట్టుకొస్తున్న దుంగో ఉంటే లెక్కలన్నీ తారుమారవుతాయి.

రైన్ నదికి రెండు గుర్తులు

లాబేసు స్తంభాల మీద గీయమంటున్న గీతలు కొత్త ఆలోచన కాదు. జర్మనీలో రైన్ నది మీద పడవలకని విడిగా గుర్తులున్నాయి. కొలోన్ నగరం దగ్గర నీటి కొలమానం 6.20 మీటర్లు చూపితే ఓడలు వేగం తగ్గించి నది నడిమి భాగంలోనే నడవాలి. 8.30 మీటర్లు చూపితే ఓడల రాకపోకలు పూర్తిగా బంద్. ఎగువన కౌబ్ దగ్గర ఆ అంకెలు 4.60, 6.40 మీటర్లు. ఒకే నదికి చోటును బట్టి అంకె మారుతుందన్నది గమనించాలి. నది సన్నబడిన చోట గీత వేరు, వెడల్పైన చోట వేరు.

యూరప్ నదుల్లో వారాల తరబడి సాగే విహార నౌకలకు మనకు తట్టని ఇంకో చిక్కుంది. నీరు పెరిగితే ఓడ కూడా పైకి లేస్తుంది, వంతెన మాత్రం లేవదు. ఓడకూ వంతెనకూ మధ్య సందు తగ్గిపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి చాలా ఓడల్లో చోదకుడి గది కిందికి దిగేలా కడతారు, పై అంతస్తు కమ్ములు మడిచేస్తారు. అప్పటికీ చాలకపోతే ప్రయాణికులను బస్సుల్లో ఎక్కించి వంతెన అవతల ఆగి ఉన్న ఇంకో ఓడకు చేరుస్తారు. 2013 జూన్‌లో డాన్యూబ్ నది పసావు పట్టణం దగ్గర 12.89 మీటర్లకు చేరింది, 1501 తర్వాత అక్కడ అంత వరద లేదు. అటువంటప్పుడు బస్సులూ పనికిరావు, యాత్ర రద్దే.

2019లో, కచ్చులూరు దుర్ఘటనకు కొన్ని నెలల ముందు, మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో డాన్యూబ్ మీద హాబ్లేయాన్ అనే చిన్న విహార పడవను పెద్ద నౌక ఒకటి ఢీకొంది. ఆ చిన్న పడవలో ఉన్న 35 మందిలో ఏడుగురే బతికారు. వానలకు నది ఉధృతంగా ఉండడంతో నీటిలో పడ్డవాళ్లు ప్రవాహంలో కొట్టుకుపోయారు, గజ ఈతగాళ్లు కూడా వెంటనే దిగలేకపోయారు. పడవను పైకి తీసేసరికి జూన్ 11 అయింది.

కట్టకు ఎగువన నిలిచిన నీరు

మన దగ్గర పడవ షికారు ఎక్కువగా సాగేది పారే నదిలో కాదు, నిలిచిన నీటిలో. నాగావళి మీద తోటపల్లి దగ్గర 1908 నాటి పాత రెగ్యులేటర్ ఉండేది. కొత్త బ్యారేజీ 2015లో జాతికి అంకితమైంది, దానికి సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టారు. గోస్తని మీద విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయం ఉంది, విశాఖ నగరానికి ఇక్కడినుంచి కూడా తాగునీరు వెళ్తుంది. రెండు చోట్లా నీటి మీద విహరించడానికి జనం వెళ్తుంటారు.

బ్యారేజీ గేట్లు మూసి ఉన్నంతసేపు అది చెరువు. ఎత్తిన క్షణం అది మళ్లీ నది. నీరంతా గేట్లవైపు లాగుతుంది, పైకి ఆ లాగుడు కనిపించదు. గేట్లు ఎత్తే రోజున పడవలు ఆపేస్తే విసుక్కోకండి.

ఝంఝావతిది ఇంకో కథ. కొమరాడ మండలం రాజ్యలక్ష్మీపురం దగ్గర ఆ నది మీద 2006లో ఆస్ట్రియా సాంకేతికతతో రబ్బరు డ్యామ్ కట్టారు. మామూలు ఆనకట్టతో ఒడిశా భూములు మునుగుతాయన్న అభ్యంతరానికి వెతికిన దారి అది. ఉబ్బినప్పుడు నీటిని ఆపుతుంది, వరద వచ్చినప్పుడు ఒదిగిపోయి దారి ఇస్తుంది. అక్కడ ఆగిన నీటిని చూడ్డానికి వెళ్తే, దగ్గరలోనే ఝంఝావతి నాగావళిలో కలిసే గుంప, అక్కడి సోమేశ్వరుడి గుడి కూడా చూసి రండి. దిగువన వంగర మండలం సంగాంలో సువర్ణముఖి, వేగావతి కూడా నాగావళిలో కలుస్తాయి. మూడు నదుల వరద ఒకేసారి అక్కడికి చేరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మొగ దగ్గర

నది సముద్రంలో కలిసే చోటును మనవైపు మొగ అంటారు. వేసవిలో ప్రవాహం తగ్గగానే కెరటాలు ఇసుకను తోసి మొగను పూడ్చేస్తాయి. కళింగపట్నమైనా, చంపావతి కలిసే కోనాడ అయినా అంతే. వానాకాలపు వరద ఆ ఇసుక దిబ్బను కోసి మళ్లీ దారి చేస్తుంది. ఆ మేరకు వరద మత్స్యకారుడికి మేలే. కానీ దారి తెరిచిన ఆ రోజుల్లోనే మొగ దాటడం అన్నిటికన్నా ప్రమాదం. బయటికి ఉరికే ఏటి నీరు, లోపలికి వచ్చే కెరటం ఎదురెదురుగా కొట్టుకుంటే కెరటం పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. దాని పైకి ఎక్కడానికి పడవకు చోటే దొరకదు. పోటు వేళ సముద్రం ఏటినీటిని వెనక్కి తోస్తుంది, పాటు వేళ రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి. అందుకే వరదలో మొగ దాటడానికి పాటు వేళ మరీ చెడ్డది.

మరో చిన్న సంగతి. లీటరు సముద్రపు నీరు మంచినీటికన్నా సుమారు 25 గ్రాములు బరువెక్కువ. సముద్రంలో 60 సెంటీమీటర్లు మునిగి తేలే పడవ అదే సరుకుతో ఏట్లోకి వస్తే దాదాపు సెంటీమీటరున్నర ఎక్కువ మునుగుతుంది. అంచుదాకా చేపలు నింపుకుని వచ్చే పడవకు ఆ సెంటీమీటరున్నర చిన్నదేమీ కాదు.

కళింగపట్నం ఒకనాడు పేరున్న రేవు. అక్కడికి ఎగువన వంశధార కుడిగట్టున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో గిడుగు రామమూర్తి ఆ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు. ఏటిని, సముద్రాన్ని చూసేంత దగ్గరలో, వరద అందనంత ఎత్తులో ఉన్న ఆ కొండ ఎక్కి చూస్తే స్తూపాలు కట్టినవాళ్లకు వంశధార సంగతి బాగా తెలుసనిపిస్తుంది.

జాబితాలో లేనివి

2016 నాటి చట్టం దేశంలో 111 జాతీయ జలమార్గాలను ప్రకటించింది. గోదావరి, కృష్ణా, పెన్నా, తుంగభద్ర అందులో ఉన్నాయి. నాగావళి, వంశధార లేవు. ఏడాది పొడవునా పెద్ద పడవలు నడిచే లోతు ఈ నదులకు లేదు. అంతమాత్రాన వీటి మీద పడవలు నడవవని కాదు గదా! జాబితాలో లేని రేవుకూ లైఫ్ జాకెట్టు కావాలి.

కార్తీకానికి ముందు

ఉత్తరాంధ్రకు పెద్ద గండం జులై, ఆగస్టులతో తీరిపోదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుపాన్లు రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని కుదిపేసింది, వంశధార, మహేంద్రతనయ, బాహుదా పొంగాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి దగ్గర్లో తీరం తాకింది. దసరా సెలవులు, ఆ వెంటనే కార్తీక వనభోజనాలు, జనం నీటి ఒడ్డుకు వెళ్లాలనుకునే రోజులు సరిగ్గా ఇవే.

తుపాను వెళ్లిపోయి ఎండ కాసిందంటే ఏరు శాంతించిందని కాదు. కొండల్లో కురిసినది ఇంకా దిగుతూనే ఉంటుంది. నీరు తగ్గాక కూడా పాత దారి ఉండదు. నిన్నటి లోతు చోట ఇసుక మేట, ఇసుక ఉన్న చోట మడుగు, నీటి కింద కూరుకున్న చెట్టు మొద్దులు. తెలిసిన పడవవాడు వరద తీశాక ముందు ఒట్టి పడవతో తిరిగి దారి చూసుకుని, ఆ తర్వాతే మనుషులను ఎక్కిస్తాడు.

మీరు ఈ కార్తీకంలో తోటపల్లికో తాటిపూడికో వెళ్తుంటే బయలుదేరే ముందు గేట్లు ఎత్తారేమో కనుక్కోండి. ఎగువన రాయగడ, కలహండి, అరకు వైపు వానలున్నాయేమో చూడండి. నీళ్లలో తేలుతూ కొమ్మలు, గుర్రపుడెక్క వస్తుంటే ఎక్కకండి, అవి మోటారు రెక్కలకు చుట్టుకుంటే పడవ నడినీటిలో ఆగిపోతుంది. లైఫ్ జాకెట్టు ఒడిలో పెట్టుకోవడం కాదు, తొడుక్కుని ముడులు బిగించుకోండి, పిల్లలకు వాళ్ల కొలతది అడిగి తీసుకోండి. ఇవాళ పడవ లేదని రేవులో పడవవాడు చెబితే అతనితో వాదించకుండా మరో రోజుకు మాట్లాడుకుని రండి.